సంగటి మందు కాదు

"రాగి తినే ఊళ్లో క్యాన్సర్ ఉండదు." చిక్కబళ్లాపురం జిల్లాలో ఈ మాట వినని మనిషి ఉండడు. బాగేపల్లి టీకొట్టు దగ్గరా, చింతామణి మార్కెట్టులో లారీకి లోడెత్తే చోటా, పెళ్లి భోజనాల బంతిలోనూ ఎవరో ఒకరు అంటారు, పక్కనున్నవాళ్లు తలూపుతారు. ఈ మధ్య ఆ మాటకు తోకలు కూడా మొలిచాయి. పసుపులో కర్క్యుమిన్ ఉందట, టమాటోలో లైకోపీన్ ఉందట, నల్లద్రాక్ష తొక్కలో రెస్వెరాట్రాల్ ఉందట. ఇవి క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకుని చంపుతాయట, ఇమ్యూనిటీని అమాంతం పెంచుతాయట. రసాయనాల పేర్లు తోడయ్యేసరికి తాతల నమ్మకానికి సైన్సు రాజముద్ర పడినట్టయింది.

రాగితోనే మొదలుపెడదాం. బెంగళూరు క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల ఆధారంగా 1990లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక అధ్యయనం అచ్చయింది. నోటి క్యాన్సర్ వచ్చిన 348 మందిని, అవే ప్రాంతాల్లో ఉంటూ ఆ రోగం లేనివాళ్లతో పోల్చి చూశారు. పొగాకు వేసిన తాంబూలం నమిలే ఆడవాళ్లకు ముప్పు, నమలనివాళ్లకంటే పాతిక రెట్లు ఎక్కువని తేలింది. అది ఊహించిందే. ఎవరూ ఊహించనిది మరొకటి బయటపడింది: రాగి ముఖ్యాహారంగా తినేవాళ్లలో నోటి క్యాన్సర్ ముప్పు తిననివాళ్లకంటే బాగా ఎక్కువ. రాగీ పొగాకూ రెండూ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ.

ఇది పట్టుకుని రాగి వల్ల క్యాన్సర్ వస్తుందని నేనంటే నన్ను చింతామణి బస్టాండులో నిలబెట్టి కడిగేయాలి. న్యాయం కూడా అదే. రాగి తినడం వెనుక ఒక బతుకు ఉంటుంది: చేసే పని, వచ్చే కూలి, పక్కన కూర ఉందో లేదో, నోట్లో ఏముందో. వీటిని గింజ నుంచి విడదీసి చూడడం అంత సులువు కాదు. ఒక్క అధ్యయనంతో తిండిగింజను బోనెక్కించలేం. ఒప్పుకుందాం. అప్పుడు ఒక్క అధ్యయనం కూడా లేకుండా అదే గింజను వైద్యుడి కుర్చీలో ఎలా కూర్చోబెడుతున్నాం?

ఇంకో తమాషా ఉంది. చిరుధాన్యాల ప్రచారకులు ఖాదర్ వలీ గారు కొర్ర, అండుకొర్ర, అరికె, సామ, ఊద అనే ఐదింటికి సిరిధాన్యాలని పేరుపెట్టి, రాగినీ జొన్ననూ తటస్థ ధాన్యాల వరుసలోకి నెట్టారు. ఆయన లెక్క నమ్మితే మా సంగటికి ఆ మహత్తు లేనట్టే! మరుగున పడిన గింజలను మళ్లీ జనం కంచాల్లోకి తెచ్చిన ఘనత ఆయనకు ఉంది. 2023లో పద్మశ్రీ ఇచ్చారు కూడా. అయితే ఆ ధాన్యాలతో, ఆకుల కషాయాలతో క్యాన్సర్ సైతం నయమవుతుందన్న భాగానికి రోగుల మీద పద్ధతిగా జరిపిన పరీక్షల బలం లేదు. గింజ మంచిదనడానికీ, గింజ మందు అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఉపన్యాసంలో ఒక్క గంతులో దాటేస్తారు. రోగి మాత్రం ఆ గుంటలో పడతాడు.

"మా తాతల కాలంలో ఈ రోగమే లేదు కదా" అనేది తర్వాతి వాదన. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దగ్గర ఉండేది. క్యాన్సర్ ఎక్కువగా యాభై దాటినవాళ్లకు వచ్చే జబ్బు. అది రాకముందే కలరా, మశూచి, కాన్పు, కరువు జనాన్ని ఎత్తుకుపోయేవి. బతికినవాళ్లలో రాచపుండుతో పోయినవాళ్లను లెక్కపెట్టినవాళ్లు లేరు. అయినా అక్కడక్కడా లెక్కలు ఉన్నాయి. తిరువాన్కూరులో తాంబూలం నమిలేవాళ్ల నోటి క్యాన్సర్ గురించి ఆర్ అనే డాక్టరు 1933లోనే లాన్సెట్ పత్రికలో రాశాడు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిలి మీద వచ్చే పుండ్లు వైద్య పుస్తకాలకు ఎక్కాయి. వాళ్లంతా తిన్నది పురుగుమందు ఎరగని పాతకాలపు తిండే.

అసలు ఈ ప్రచారమంతా తప్పించుకు తిరిగేది మోతాదు దగ్గర. మోతాదు అంటే ఏమిటో మా జిల్లావాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. బాగేపల్లి వైపు లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే పంటికి మేలే. ఒకటిన్నర దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార కడతాయి, ఇంకా పెరిగితే కీళ్లు బిగుసుకుపోయి నడుం వంగుతుంది. అదే పదార్థం, అదే నీళ్లు. ఇంత తెలిసినవాళ్లం, పసుపు దగ్గరికి వచ్చేసరికి ఎంత అని అడగడం మానేస్తాం.

పసుపు బరువులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. చారులో వేసే చిటికెడులో పది మిల్లీగ్రాములుంటే గొప్ప. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో మనుషులకు ఏకంగా రెండు గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. రెండు గ్రాములంటే అరవై డెబ్బై గ్రాముల పసుపుతో సమానం. అంత ఇచ్చినా రక్తంలో దాని జాడ దాదాపు కనబడలేదు. పేగు, కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు మార్చి బయటికి పంపేస్తాయి. ఇరవై మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. ఇప్పుడు ప్రతి పసుపుపాల ప్రచారంలోనూ వినిపించే మిరియాల సలహాకు మూలం ఇదే. దాదాపు సున్నా ఉన్నది ఇరవై రెట్లు పెరిగితే ఎంతవుతుందో ఆ ప్రచారం చెప్పదు. పిపెరిన్ ఈ పని ఎలా చేస్తుందో కూడా చెప్పదు. ఒంట్లోంచి పరాయి పదార్థాలను తరిమేసే ఎంజైములను అది నెమ్మదింపజేస్తుంది. ఆ ఎంజైములే మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులనూ బయటికి పంపుతాయి. పసుపు కోసం తలుపు తెరిస్తే రోగి మింగే మాత్రల మోతాదు కూడా మనకు తెలియకుండానే మారిపోవచ్చు.

2017లో మందుల రసాయన శాస్త్రవేత్తలు కొందరు కర్క్యుమిన్ మీద వచ్చిన పరిశోధనను మొత్తంగా తిరగేశారు. మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగాయి. రోగికీ వైద్యుడికీ ఏది మందో ఏది ఉత్తి మాత్రో తెలియకుండా పద్ధతిగా జరిపినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని తేల్చారు. ప్రయోగశాల గాజుపాత్రలో మాత్రం కర్క్యుమిన్ దేని మీదైనా పనిచేసినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష పద్ధతులనే తికమకపెట్టే గుణం దానికి ఉంది. కర్క్యుమిన్ కీర్తిని ప్రపంచమంతా చాటినవారిలో ముఖ్యుడు అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసిన భరత్ అగర్వాల్. ఆయన పత్రాలను పత్రికలు ఇరవైకి పైగా వెనక్కి తీసుకున్నాయి.

ద్రాక్ష కథ ఇంకా ఘాటైనది. నందికొండ చుట్టూ పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది. తొక్క మందం, పులుపు, వాసన అన్నీ దానికే సొంతం. తొక్కలోని రెస్వెరాట్రాల్ పేరు చెప్పి దాన్ని ఔషధం చేయాల్సిన అవసరం ఆ పండుకు లేదు. రెస్వెరాట్రాల్‌ను శుద్ధి చేసి మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగులకు రోజుకు ఐదు గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడంతో 2010లో ఆ పరీక్ష ఆపేశారు. రెండేళ్లకు, 2012లో, ఈ పదార్థం మీద పేరుపొందిన పరిశోధకుడు దీపక్ దాస్ 145 చోట్ల సమాచారాన్ని కల్పించాడని, మార్చాడని ఆయన పనిచేసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయమే ప్రకటించింది.

టమాటో దగ్గర కాస్త ఆగాలి, చింతామణి మనుషులతో మాట్లాడేటప్పుడు ఆగకపోతే మర్యాద కాదు. 1995లో హార్వర్డ్ పరిశోధకులు 47 వేలకు పైగా అమెరికన్ మగవాళ్ల తిండి అలవాట్లు చూసి, టమాటో సాస్ ఎక్కువగా తినేవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ తక్కువని రాశారు. ఆ ఒక్క వార్తతో లైకోపీన్ మాత్రల అంగళ్లు తెరుచుకున్నాయి. పదేళ్ల తర్వాత, 2005లో, అమెరికా ఆహార ఔషధ సంస్థ అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ తూకం వేసింది. లైకోపీన్ క్యాన్సర్‌ను ఆపుతుందనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదంది. టమాటోకూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందనడానికి సాక్ష్యం మరీ పలచగా ఉందంది. అయితే వీటి మధ్య 2003లో జరిగిన ఎలుకల ప్రయోగం ఒకటి నాకు ముఖ్యం అనిపిస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ కలిగించిన ఎలుకల్లో కొన్నింటికి ఉత్త లైకోపీన్, కొన్నింటికి టమాటో మొత్తాన్ని ఎండబెట్టిన పొడి పెట్టారు. పొడి తిన్న ఎలుకల్లో ఆ క్యాన్సర్ చావుల్లో సుమారు నాలుగో వంతు తగ్గాయి. లైకోపీన్ తిన్నవాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎలుక మనిషి కాదు, సరే. అయినా సీసాలోకి పిండిన పదార్థం పండుకు ప్రతినిధి అన్న నమ్మకం ఎలుక దగ్గరే ఓడిపోయింది. ధర పడిపోయి రైతు బుట్టలకు బుట్టలు రోడ్డు మీద కుమ్మరించి పోయే వారంలో కూడా లైకోపీన్ డబ్బా ధర రూపాయి తగ్గదు. ఈ సైన్సు ఎవరి జేబు కోసం పనిచేస్తోందో చింతామణి, మదనపల్లె మార్కెట్లలో నిలబడితే తెలుస్తుంది.

"పనిచేయకపోతే పోనీ, నష్టమైతే లేదు కదా" అంటారు. నష్టం ఉంది, లెక్కలతో సహా. క్యారెట్, బొప్పాయి, మునగాకుల్లో ఉండే బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపుతుందని ఒకప్పుడు పెద్ద ఆశ. అవి బాగా తినేవాళ్లలో ఆ రోగం తక్కువగా కనిపించేది మరి. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష పెట్టారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో 18 వేల మందితో సాగిన మరో పరీక్షను 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపాల్సి వచ్చింది. అక్కడ పెరుగుదల 28 శాతం. క్యారెట్ తినేవాడికి మేలు చేసిందేదో క్యారెట్ నుంచి తీసిన మాత్రలో లేదు. మాత్రలో ఉన్నది పొగతాగేవాడి ఊపిరితిత్తుల్లో శత్రువు పక్షాన చేరింది. ఆశపెట్టిన వైద్యులే ఈ సంగతి బయటపెట్టారని గుర్తుంచుకోవాలి. కషాయం అమ్మేవాళ్లలో ఒక్కరైనా తమ సరుకు మీద ఇలాంటి పరీక్ష పెట్టి, ఓడిపోయి, ఆ మాట అచ్చువేశారా?

దీనికి ఎదురుగా వచ్చే మాట నాకు తెలుసు. "క్యాన్సర్ మందులు వచ్చింది చెట్ల నుంచే కదా. కంపెనీలు కావాలనే దాచేస్తున్నాయి." మొదటి సగం నిజం. మా పెరళ్లలో, సమాధుల పక్కన, కాలవ గట్ల మీద పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సను మార్చేసిన మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి పాక్లిటాక్సెల్ వచ్చింది. ఇవేవీ ఎవరూ దాచలేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి రెండు దశాబ్దాల పాటు సుమారు 35 వేల మొక్కల నుంచి లక్షకు పైగా సారాలు తీసి పరీక్షించింది. చేతికి వచ్చిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గ్రాము విన్‌క్రిస్టిన్‌కు వందల కిలోల ఎండాకు కావాలి. దాన్ని సూదిమందుగా రక్తనాళంలోకి ఇస్తారు, మామూలుగా ఒక విడతకు రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. కాస్త ఎక్కువైతే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు పాడవుతాయి. బిళ్లగన్నేరు ఆకు నూరుకు తాగేవాడికి అందులో ఏది ఎంత పోయిందో ఎవరు తూచి చెబుతారు? మొక్కలోంచి మందు వచ్చిందన్న నిజమే, మొక్కను అలాగే మింగకూడదనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

లక్ష్మణఫలం సంగతీ అంతే. కీమోకంటే పదివేల రెట్లు శక్తి అంటూ ఫోన్లలో తిరిగే మాటకు మూలం 1990ల నాటి ఒక గాజుపాత్ర ప్రయోగం, అదీ గింజల్లోంచి విడదీసిన ఒక పదార్థంతో. ఆ జాతి పండ్లు, ఆకుల కషాయం ఏళ్ల తరబడి తీసుకునే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్‌ను పోలిన, మామూలు మందులకు లొంగని జబ్బు ఎక్కువగా ఉందని 1999లో ఫ్రెంచి వైద్యులు రాశారు. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ప్రకృతిలోంచి వచ్చిందల్లా మిత్రుడే అనుకునేవాళ్లు ఒక్కసారి ఆకూవక్క సంచి విప్పి చూడాలి. వక్క చెట్టున కాసిందే, రసాయన ఎరువు లేకుండా కూడా కాస్తుంది. పొగాకు కలపకపోయినా ఉత్త వక్కే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకూ మొక్కే. వానలో తడిసి ముక్కిన వేరుశెనక్కాయ మీద పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు అదీ మొదటి వర్గం కారకమే. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోతే, కారణం తేల్చినవాళ్లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వైద్యుడు కృష్ణమాచారి ఉన్నారు. క్యాన్సర్ మీద తిండి ప్రభావం గురించి బాగేపల్లిలో ఒక్క మాటే చెప్పే వీలుంటే, నేను లైకోపీన్ పేరెత్తను. కాయను బాగా ఎండబెట్టండి, ముక్కిన గింజను ఏరి పారేయండి, ఆకూవక్క సంచి మానండి అంటాను. ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు కాబట్టి దీనికి ప్రచారకులు దొరకరు.

ఇక ఇమ్యూనిటీ. రోగనిరోధక వ్యవస్థను రేడియో గొంతులా తిప్పి పెంచవచ్చనుకుంటారు. పెరగకూడని చోట పెరిగితే అది సొంత ఒంటినే కొరుకుతుంది. కీళ్లవాతం, లూపస్, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు అలా వచ్చేవే. ఈనాటి ఇమ్యునోథెరపీ మందులు నిరోధక కణాల కళ్లెం వదులుతాయి, అందుకే కొందరు రోగులకు పేగు, కాలేయం, థైరాయిడ్ మీద ఆ కణాలే దాడి చేస్తాయి. కోవిడ్ కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం తాగాం. సొంత నిరోధక వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసినట్టు కనిపించే కామెర్లతో ఆరుగురు ఆస్పత్రికి వచ్చారని 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నివేదికను తప్పుబట్టింది. తర్వాత వేరే ఆస్పత్రుల నుంచీ అలాంటి కేసులు వచ్చాయి. తాగినవాళ్లందరికీ అలా కాదు. ఎవరికవుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్లు మాత్రం లేరు.

ఇంతా చెప్పి, తిండికీ క్యాన్సర్‌కూ నిరోధక శక్తికీ సంబంధం లేదంటున్నానా? ఉంది. అది సీసాలో పట్టేది కాదు, నెలలో తేలేది కాదు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2017లో లెక్కలన్నీ కూడి చూస్తే, రోజుకు 90 గ్రాముల పొట్టుతీయని ధాన్యం తినేవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 17 శాతం తక్కువ. రాగిని పొట్టు తీయకుండానే విసురుతాం. వంద గ్రాముల్లో సుమారు 11 గ్రాములు పీచే. ఆ పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు తిని బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. నిరోధక కణాలు అతిగా రెచ్చిపోకుండా చూసే కణాలను అవి పెంచుతాయని 2013లో ఎలుకల మీద తేలింది. క్యాబేజీ జాతి కూరల్లోని పదార్థాలు లేకపోతే పేగు గోడలో కాపలా కణాలు పలచబడతాయని అంతకు రెండేళ్ల ముందు కేంబ్రిడ్జిలో ఎలుకల్లోనే చూశారు. మనుషుల్లో అయితే, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న 128 మందిని గమనించి 2021లో సైన్స్ పత్రికలో రాశారు: రోజుకు 20 గ్రాములకు మించి పీచు తిన్నవాళ్లలో రోగం ఎక్కువ కాలం అదుపులో ఉంది. అంగట్లో కొన్న ప్రోబయాటిక్ మాత్రలు మింగినవాళ్లకు ఆ లాభం కనిపించలేదు. వాళ్లందరూ ఆస్పత్రిలో చికిత్స తీసుకుంటున్నవాళ్లే. తిండి మందుకు తోడు నిలిచింది.

ఆ లెక్కన మా భోజనం గొప్పదే. సంగటి, ఉలవలు, చలికాలంలో అనపగింజలు, పితికిపప్పు, పొలంగట్ల మీద ఏరుకొచ్చిన కలగూర. బస్సారు చేసేటప్పుడు పప్పూ ఆకూ ఉడికిన నీళ్లను వార్చి పారబోయరు, ఆ నీళ్లే సారు. నీళ్లలోకి దిగిన సారమంతా తిరిగి కంచంలోకే వస్తుంది. నూనెలో మగ్గిన టమాటోలో లైకోపీన్ పచ్చి కాయలోకంటే ఒంటికి బాగా అందుతుంది. ఇది తరాలుగా జరుగుతున్నదే, దీనికి ఏ డబ్బా అవసరం లేదు. మేం తినే ముద్ద చిన్నదై రేషను బియ్యం, మైదా పరోటా, గుట్కా పొట్లం పెరుగుతున్న కాలంలో దీన్ని నిలబెట్టుకోమని చెప్పేవాళ్లకు నేను ఎదురు కాదు. కడుపులో గడ్డతో వచ్చినవాడికి ఇదే చికిత్స అని చెప్పేవాళ్లకు ఎదురు.

ఎందుకంటే దీని ఖరీదు కొలిచారు. నయం కాగల దశలో ఉండి కూడా కీమో, రేడియేషన్, శస్త్రచికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మంది అమెరికన్ రోగులను, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చి 2018లో అచ్చువేశారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదున్నర రెట్లకు పైన. ఇక్కడ ఇంకో బాధ కూడా ఉంది. పాలు, గుడ్డు, మాంసం క్యాన్సర్‌కు మేత అని మాన్పించి కషాయాలతో పస్తు పెడతారు. అసలే కండ కరిగిపోయే జబ్బు. మాంసకృత్తులు అందక మనిషి ఎంతగా చిక్కిపోతాడంటే, తీరా కీమోకు ఒప్పుకునేసరికి పూర్తి మోతాదు తట్టుకునే ఒళ్లు ఉండదు. చికిత్సకు వచ్చిన రోగికి గుడ్డు పెట్టమని డాక్టరు చెబితే, ఇంటికి వెళ్లగానే బంధువులు వద్దంటారు.

బాగేపల్లి నుంచి బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి సుమారు వంద కిలోమీటర్లు. ఆ దూరాన్ని రోగి నెలల తరబడి ఆలస్యంగా దాటడానికి కషాయం కూడా ఒక కారణం. ముప్పై దాటిన ప్రతివాళ్లకూ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. నోట్లో తెల్లమచ్చ కనిపించినా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా టార్చి వేసి చూడడానికి నిమిషం పట్టదు. మన వైపు ఎంతమంది ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిచారో, ఎంతమందిని పిలిచి కూర్చోబెట్టారో జిల్లా యంత్రాంగాన్ని అడగాలి. రాగి గొప్పదనం మీద వేదికలెక్కి మాట్లాడే మా నాయకులు ముందు ఆ లెక్క చదవాలి.